36 మందితో మాయమైన గాల్: ఇరవై మూడేళ్ళు ఎవరూ ఎందుకు వెతకలేదు?

గాల్ గురించి ఎక్కడ చదివినా ముందు ఎదురయ్యేది గూఢచారి కథే. సోవియట్ నౌకాదళం పట్టుకుపోయిందంటారు, జలాంతర్గామి వలకు తగులుకుని కిందికి లాగేసిందంటారు, ఓడలో రహస్య పరికరాలు ఉండేవంటారు. 1974 ఫిబ్రవరిలో 36 మందితో, నార్వేకి ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో, రేడియోలో ఒక్క కేక కూడా వినిపించకుండా మాయమైపోయిన బ్రిటిష్ చేపల ఓడ అది. ఎలా మునిగిందో 2004లో ఒక న్యాయమూర్తి విచారించి వివరంగా రాశారు, ఆ వివరణ లెక్కకు గట్టిగానే నిలబడుతుంది, అయినా పాత కథలు ఆగలేదు. జనానికి కుట్ర కథలంటే సరదా, అందుకే ఆగలేదని తేల్చేయడం చాలా సులువు, కానీ అది అన్యాయం కూడా. ఓడ మునగడానికి పట్టింది కొన్ని నిమిషాలే అయి ఉంటుంది. అది అంతుచిక్కని విషయంగా మారడానికి మాత్రం ఇరవై మూడేళ్ళు పట్టింది, ఆ ఇరవై మూడేళ్ళూ బ్రిటిష్ ప్రభుత్వం ఓడ ఎక్కడుందో సముద్రం అడుగున వెతికించలేదు.

ముందు ఓడ సంగతి. వేటకు పోయే మరబోటులాంటిది కాదిది. సుమారు 66 మీటర్ల పొడవు, 1,100 టన్నుల పైచిలుకు స్థూల టన్నేజీ, వెనక భాగంలో ఉన్న వాలు మీదుగా వలను పైకి లాగే స్టెర్న్ ట్రాలర్. పట్టిన చేపను అక్కడికక్కడే కోసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి దాచే చిన్నపాటి ఫ్యాక్టరీ ఓడలోనే ఉండేది. తూర్పు ఇంగ్లండ్‌లోని లోస్టాఫ్ట్‌లో బ్రూక్ మెరీన్ అనే కంపెనీ దాన్ని కట్టింది. 1972లో రేంజర్ క్యాస్టర్ అన్న పేరుతో పనిలోకి దిగింది, 1973లో బ్రిటిష్ యునైటెడ్ ట్రాలర్స్ చేతికి వచ్చాక గాల్ అయింది. అంటే మాయమయ్యే నాటికి దానికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ రేవులో అప్పటిదాకా ఎక్కువగా కనిపించిన, వలను పక్క నుంచి లాగే పాత సైడ్ ట్రాలర్లతో పోలిస్తే ఇది సౌకర్యంగా, భద్రంగా కనిపించే కొత్త తరం ఓడ, ఇలాంటి ఓడ మునగదన్న నమ్మకం అందరిలోనూ ఉండేది. ఈ నమ్మకాన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత పుట్టిన కథలన్నిటికీ సగం బలం ఇక్కడి నుంచే వచ్చింది. మునగని ఓడ మునిగిందంటే ఎవరో ముంచి ఉండాలి కదా అని.

1974 జనవరి 22న గాల్ హల్ నుంచి బయలుదేరింది. ఫిబ్రవరి 8 ఉదయం పదిన్నర ప్రాంతంలో, నార్వే కొనన ఉన్న నార్త్ కేప్‌కు దాదాపు 70 మైళ్ళ ఉత్తరాన, తుఫాను వల్ల వేట ఆపి, గాలికి ఎదురుగా ముక్కు పెట్టి మెల్లగా కదులుతూ కాలం గడుపుతున్నామని కబురు ఇచ్చింది. హల్ మనుషులు దీన్ని డాడ్జింగ్ అనేవారు, పెద్ద గాలిలో ఏ ట్రాలరైనా చేసే పని అదే. చుట్టుపక్కల ఉన్న మిగతా బ్రిటిష్ ట్రాలర్లూ ఆ రోజు అదే చేస్తున్నాయి. ఆ తర్వాత కాసేపటికి సిబ్బంది ఇళ్ళకు పంపిన ఒకటి రెండు ప్రైవేటు టెలిగ్రాములు రేడియోలో వెళ్ళాయి. అంతే, ఆ తర్వాత గాల్ నుంచి ఏమీ లేదు.

కబురు అందకపోయినా వెంటనే కంగారు పుట్టలేదు. తుఫానులో రేడియో సరిగ్గా పనిచేయకపోవడం, ఓడలు ఒకదానికొకటి దూరమవడం మామూలే. చివరికి గట్టిగా వెతుకులాట మొదలయ్యేసరికి ఫిబ్రవరి 11 వచ్చేసింది. హెచ్‌ఎంఎస్ హెర్మిస్ అనే విమాన వాహక నౌక, నిమ్రోడ్ గస్తీ విమానాలు, నార్వే వాళ్ళ ఓడలు, విమానాలు కలిసి కొన్ని రోజులు ఆ నీళ్ళను గాలించాయి. చమురు మరక లేదు, లైఫ్ రాఫ్ట్ లేదు, చెక్కముక్క లేదు. మూడు నెలల తర్వాత, మే నెలలో, నార్వే ఓడ ఒకటి గాల్‌కు చెందిన ఒక లైఫ్‌బాయ్‌ను, అంటే మునిగేవాళ్ళు పట్టుకుని తేలే చక్రాన్ని, నీళ్ళలోంచి తీసింది. ఇరవై మూడేళ్ళపాటు ఆ ఓడ తాలూకు దొరికిన వస్తువు అదొక్కటే.

ఏమీ దొరక్కపోవడం వింతగా అనిపిస్తుంది కానీ, ఆ చోటు ఎలాంటిదో ఆలోచిస్తే అంత వింత కాదు. అది ఆర్కిటిక్ వలయానికి చాలా పైన, దాదాపు 72 డిగ్రీల అక్షాంశం. ఫిబ్రవరి మొదట్లో అక్కడ పగటి వెలుతురు కొద్ది గంటలే ఉంటుంది. మూడు రోజుల తుఫాను గాలి తేలే వస్తువులను ఎంత దూరమైనా కొట్టుకుపోనిస్తుంది. ఆ చల్లటి నీళ్ళలో పడ్డ మనిషికి మిగిలేది నిమిషాల లెక్కే. అందువల్ల వెతకడం ఆలస్యమైతే ప్రాణాలు దక్కకపోవడమే కాదు, ఆనవాళ్ళు కూడా దక్కవు.

హల్ ఊరి పరిస్థితి తెలియకపోతే ఆ తర్వాత జరిగింది సరిగ్గా అర్థం కాదు. హెసిల్ రోడ్ చుట్టూ ఉన్న వీధుల్లో దాదాపు ప్రతి ఇంటికీ చేపల ఓడలతో సంబంధం ఉండేది. మూడు వారాలు ఉత్తర సముద్రాల్లో, మూడు రోజులు ఇంట్లో, మళ్ళీ ఓడ మీద. మగవాళ్ళు ఓడ ఎక్కే రోజు ఇంట్లో బట్టలు ఉతికేవారు కాదు, సముద్రం వాళ్ళను కడిగేస్తుందన్న భయం. రేవు దాకా వెళ్ళి చెయ్యి ఊపడం కూడా అశుభమే. చేపల వేట సాగినంత కాలంలో ఆ ఒక్క ఊరు సముద్రానికి ఇచ్చుకున్న మనుషులు సుమారు 6,000 మంది అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. గాల్‌కు ఆరేళ్ళ ముందు, 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మూడు వారాలు కొంచెం అటూ ఇటుగా మూడు ఓడలు పోయాయి. సెయింట్ రొమేనస్, కింగ్‌స్టన్ పెరిడాట్, రాస్ క్లీవ్‌లాండ్. మొత్తం 58 మంది చనిపోయారు, మూడు ఓడల్లోనూ కలిపి బతికి బయటపడింది ఒక్కరే. రాస్ క్లీవ్‌లాండ్ ఐస్‌లాండ్ తీరంలో ఒక ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయలో, తలదాచుకుంటూనే, పై భాగాల మీద మంచు పేరుకుపోయి బరువెక్కి ఒరిగిపోయింది. సెయింట్ రొమేనస్‌లోనైతే అసలు రేడియో ఆపరేటరే లేడు, ఓడ కనిపించడం లేదన్న విషయం తెలియడానికే రోజులు పట్టింది.

అప్పుడు లిలియన్ బిలోకా అనే మహిళ, చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది, తలకు స్కార్ఫ్‌లు కట్టుకున్న వీధి ఆడవాళ్ళందరినీ కూడగట్టి, 10,000 సంతకాలు సేకరించి, రేవు మీదకి వెళ్ళి రేడియో ఆపరేటర్ లేని ఓడను కదలనివ్వబోమని నిలబడింది. లండన్ వెళ్ళి మంత్రులతో మాట్లాడి, ఓడలు తమ క్షేమం ఎప్పటికప్పుడు తెలపాలన్న నియమం, వేట జరిగే చోట తోడుగా సహాయ ఓడ, పూర్తిస్థాయి రేడియో ఆపరేటర్ వంటివి సాధించుకున్నారు. ఇంత పోరాడాక, ఆరేళ్ళకే, అన్ని హంగులూ ఉన్న సరికొత్త ఓడ రేడియో ఆపరేటర్‌తో సహా మాయమైపోయింది, మళ్ళీ మూడు రోజులు ఆలస్యంగానే వెతుకులాట మొదలైంది. ఆ ఊరికి అధికారుల మాట మీద నమ్మకం పోవడంలో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

1974 శరత్కాలంలో హల్‌లోనే విచారణ జరిగింది. ఓడ లేదు, సాక్షి లేడు, ముక్క లేదు. మిగిలినవి ఓడ డ్రాయింగులు, వాతావరణ వివరాలు, చుట్టుపక్కల ఉన్న ఓడల మనుషుల మాటలు. వాటిని పెట్టుకుని విచారణ తేల్చింది ఏమిటంటే, వరుసగా వచ్చిన భారీ అలలు మీదపడి ఓడ ఒరిగి మునిగిపోయిందని. చేతిలో ఉన్న ఆధారాలతో అంతకు మించి చెప్పడం వాళ్ళకు కష్టమే. కానీ విన్న కుటుంబాలకు అది జవాబుగా కనిపించలేదు. సముద్రం పెద్దది, అలలు పెద్దవి, ఓడ పోయింది అని చెప్పడానికి విచారణ దేనికి? మిగతా ఓడలు అదే గాలిలో అదే చోట ఎలా నిలబడ్డాయి? వాటిలో గాల్‌కంటే పాతవి, చిన్నవి ఉన్నాయి కదా?

ఈ ఖాళీలోకే గూఢచారి కథ వచ్చి కూర్చుంది. దాన్ని కొట్టిపారేసే ముందు అందులో నిజం ఎంతో చూడాలి. బారెంట్స్ సముద్రం సోవియట్ ఉత్తర నౌకాదళానికి వాకిలి. మూర్మాన్‌స్క్ చుట్టుపక్కల స్థావరాల నుంచి అణు జలాంతర్గాములు అట్లాంటిక్‌లోకి రావాలంటే ఆ నీళ్ళ గుండానే రావాలి. ఏడాది పొడవునా అక్కడ తిరిగే బ్రిటిష్ ట్రాలర్లను నిఘాకు వాడుకోవాలన్న ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యం. నిజంగానే వాడుకున్నారు. కొంతమంది స్కిప్పర్లకు, అంటే ట్రాలర్ కెప్టెన్లకు, కెమెరాలిచ్చి సోవియట్ ఓడల ఫొటోలు తీయించారు, కొన్ని ఓడల్లో నౌకాదళ అధికారులు కూడా ప్రయాణించారు. రక్షణ శాఖ ఏళ్ళ తరబడి కాదంటూ వచ్చి, చివరికి ట్రాలర్లను ఇలా వాడుకున్న మాట నిజమేనని ఒప్పుకుంది. గాల్ ఆ ప్రయాణంలో అలాంటి పని మీద ఉందనడానికి మాత్రం 2004 విచారణలో ఆధారమేమీ దొరకలేదు. అయితే చిన్న విషయంలో అబద్ధం చెప్పి దొరికిపోయిన వాళ్ళు పెద్ద విషయంలో నిజం చెబుతున్నామంటే ఎవరు నమ్ముతారు? కుట్ర కథకు ఎరువు వేసింది ఆ కాదనడమే.

జలాంతర్గామి మాట కూడా గాలిలోంచి ఊడిపడింది కాదు. 1990 నవంబర్‌లో స్కాట్లాండ్‌లోని అరాన్ ద్వీపం దగ్గర ఆంటారెస్ అనే చేపల పడవ వలలో హెచ్‌ఎంఎస్ ట్రెంచెంట్ అనే బ్రిటిష్ అణు జలాంతర్గామి చిక్కుకుని, పడవను నీటి అడుగుకు లాగేసింది. నలుగురు చనిపోయారు. అది పుకారు కాదు, విచారణలో తేలిన నిజం. 2004 జనవరిలో ఇంగ్లండ్ నైరుతి కొనకు దగ్గర్లో మునిగిన ఫ్రెంచ్ ట్రాలర్ బుగలే బ్రేజ్ విషయంలో కూడా ఇదే అనుమానం ఏళ్ళ తరబడి నడిచింది, అందులో ఐదుగురు పోయారు, 2021లో లండన్ కోర్టు జలాంతర్గామి ప్రమేయం లేదని తేల్చింది. కాబట్టి ఒక ట్రాలర్ ఉన్నట్టుండి మాయమైతే జలాంతర్గామి పేరు తలుచుకోవడం పిచ్చితనం కాదు. కాకపోతే ఆ అనుమానాన్ని నిజమనో అబద్ధమనో తేల్చేది ఒక్కటే, మునిగిన ఓడను చూడటం.

చూడటానికి ఏమిటి ఇబ్బంది? ఓడ ఎక్కడుందో తెలియదు, అంత లోతులో వెతకడం అసాధ్యం, ఖర్చు దండగ, ఇదీ ప్రభుత్వం జవాబు. ఆ చోట అడుగున ఏదో పెద్ద వస్తువుకు వల తగులుకుందని నార్వే మత్స్యకారుల నుంచి 1970లలోనే కబురు వచ్చింది. దాన్ని పట్టుకుని ఎవరూ ముందుకు వెళ్ళలేదు. చివరికి 1997 ఆగస్టులో, నార్మన్ ఫెంటన్ అనే టీవీ జర్నలిస్టు బ్రిటన్, నార్వే టీవీ సంస్థల సాయంతో ఒక ఓడను తీసుకుని అక్కడికి వెళ్తే, వెతకడం మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనే గాల్ దొరికింది. దాదాపు 280 మీటర్ల లోతులో ఉంది. చివరి కబురు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంచుమించు ఆ ప్రాంతంలోనే. ఈ ఒక్క విషయం మీద ఎంత కోపం వచ్చినా తక్కువే. 280 మీటర్లంటే 1974 నాటికి కూడా అందని లోతు కాదు, ఉత్తర సముద్రంలో చమురు కోసం అడుగంతా సర్వే చేస్తున్న రోజులవి. భార్యలు, తల్లులు, పిల్లలు ఇరవై మూడేళ్ళు తమవాళ్ళు సైబీరియా జైల్లో బతికున్నారేమో అనుకుంటూ కూర్చున్నారు, దొరకబుచ్చుకోవడానికి పట్టింది గంటలు.

ఇలా జరగడం ఇదొక్కసారే కాదు. 1980 సెప్టెంబర్‌లో జపాన్ దగ్గర ఆర్కిడ్ టైఫూన్‌లో డర్బీషైర్ అనే భారీ బ్రిటిష్ సరుకు ఓడ 44 మందితో సహా, ఒక్క ప్రమాద సంకేతం కూడా లేకుండా పోయింది. టన్నేజీలో గాల్‌కు ఎనభై రెట్లకు పైగా పెద్ద ఓడ. మొదటి విచారణ ప్రకృతి శక్తుల వల్ల మునిగిందని సరిపెట్టింది. కుటుంబాలు ఊరుకోలేదు, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య డబ్బు పెడితే 1994లో నాలుగు కిలోమీటర్ల లోతులో ఓడ దొరికింది, ఆ తర్వాతే అసలు కారణం, ముందు భాగంలోకి నీళ్ళు చేరడం, బయటపడింది. అక్కడా ఇక్కడా వెతికింది ప్రభుత్వం కాదు. ఒక చోట టీవీ వాళ్ళు, ఇంకో చోట కార్మిక సంఘం.

1997లోనే బ్రిటన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది, హల్ తూర్పు ఎంపీ జాన్ ప్రెస్కాట్ ఉప ప్రధాని అయ్యారు. 1998లో సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం గాల్ దగ్గరికి వెళ్ళి కెమెరాలతో సర్వే చేసింది, 2002లో మళ్ళీ వెళ్ళింది. రెండోసారి ఓడ లోపల నుంచి మనుషుల అవశేషాలు తీసుకొచ్చారు, డీఎన్‌ఏ పరీక్షలో నలుగురు సిబ్బందిని గుర్తించగలిగారు. సోవియట్ వాళ్ళు అందరినీ పట్టుకుపోయి ఖాళీ ఓడను ముంచేశారన్న కథ ఆ పరీక్షతోనే కూలిపోయింది. ఢీకొన్నట్టో పేలినట్టో చెప్పే గుర్తులేవీ ఓడ మీద కనిపించలేదు. కనిపించినవి వేరే ఉన్నాయి. మూసి ఉండాల్సిన కొన్ని తలుపులు, మూతలు తెరిచి ఉన్నాయి, వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు తూములు.

ఫ్యాక్టరీ డెక్కు మీద చేపలు కోసినప్పుడు పేగులు, వ్యర్థాలు, పనికిరాని చేపలు గుట్టలుగా పోగవుతాయి. వాటిని ఎప్పటికప్పుడు సముద్రంలోకి జార్చేయడానికి ఓడ పక్క గోడలో తూముల్లాంటి దారులు పెట్టారు. లోపలి నుంచి బయటికి పోవాలే తప్ప బయటి నుంచి నీళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి, బయటి కొనన ఒకవైపే తెరుచుకునే రెక్క తలుపు ఉంటుంది, లోపలి కొనన బిగించుకునే మూత ఉంటుంది. రెండింటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా చాలు. శిథిలంలో రెండు తూముల దగ్గరా బయటి రెక్కా తెరిచే ఉంది, లోపలి మూతా తెరిచే ఉంది.

ఇంత చిన్న రంధ్రాలు అంత పెద్ద ఓడను ముంచుతాయా అన్న సందేహం న్యాయమైనదే, జవాబు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. ఓడను ముంచడానికి నీళ్ళు దాన్ని నింపనక్కర్లేదు, లోపల అటూ ఇటూ కదిలితే చాలు. వెడల్పాటి తాంబాళంలో కొద్దిగా నీళ్ళు పోసి రెండు చేతులతో పట్టుకుని నడిచిన ఎవరికైనా ఇది అనుభవమే, ఒక పక్కకి కాస్త వంగితే నీళ్ళన్నీ అటే పరుగెత్తి తాంబాళాన్ని ఇంకా అటే వంచుతాయి. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు మామూలుగా దాన్ని నిటారుగా లేపే శక్తి ఒకటి పనిచేస్తుంది. డెక్కు మీద చేరిన నీళ్ళు ఒరిగిన వైపుకే పరుగెత్తి ఆ శక్తిని తినేస్తాయి. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న చోట అర మీటరు లోతు నీళ్ళు నిలిచాయనుకుంటే, అది వంద టన్నుల పైమాటే, ఆ వంద టన్నులూ ఒక్క ఊపులో ఒక పక్కకి చేరతాయి. ఈ ప్రభావం నీళ్ళు ఎన్ని ఉన్నాయన్న దానికంటే అవి ఎంత వెడల్పుగా పరుచుకున్నాయన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. అదే చోటును మధ్యలో నిలువు గోడ పెట్టి రెండుగా చీలిస్తే ప్రమాదం నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ చేపలు కోసే వరుసలు, కన్వేయర్లు నడవాలంటే ఫ్యాక్టరీ డెక్కు ఖాళీగా, వెడల్పుగానే ఉండాలి.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీని ముంచింది ఇదే సూత్రం. ముందు తలుపు మూయకుండా బయలుదేరింది, కార్ల డెక్కు మీదకి నీళ్ళు వచ్చాయి, సముద్రం ప్రశాంతంగా ఉన్నా ఒకటి రెండు నిమిషాల్లో ఒరిగిపోయింది, 193 మంది చనిపోయారు. ఆ ఫెర్రీ నుంచి కూడా ప్రమాద సంకేతం వెళ్ళలేదు. దగ్గర్లో ఉన్న ఇంకో ఓడ మనుషులు దాని దీపాలు ఆరిపోవడం చూసి అందరినీ అప్రమత్తం చేశారు. గాల్ రేడియోలో ఎందుకు మాట్లాడలేదు, ఆపరేటర్ ఉండి కూడా ఎందుకు పిలవలేదు అన్న ప్రశ్నను కుట్రకు రుజువుగా చూపించేవాళ్ళు ఈ ఉదాహరణ చూడాలి. నిలబడ్డ నేల నిమిషంలో గోడగా మారిపోతే మైకు అందుకునే తీరిక ఉండదు, పక్కనే ఇంకో ఓడ లేకపోతే దీపాలు ఆరడం చూసేవాళ్ళూ ఉండరు.

2004 జనవరిలో హల్‌లో తిరిగి తెరిచిన విచారణను నౌకా వ్యవహారాల న్యాయమూర్తి డేవిడ్ స్టీల్ నడిపారు, అదే ఏడాది చివర్లో నివేదిక వచ్చింది. ఆయన తేల్చింది క్లుప్తంగా ఇది. తెరిచి ఉన్న తూముల గుండా నీళ్ళు ఫ్యాక్టరీ డెక్కు మీదకి చేరాయి, ఆ పరిస్థితిలోంచి బయటపడటానికి ఓడను తిప్పే ప్రయత్నం జరిగి ఉంటుంది, తిరిగేటప్పుడు డెక్కు మీద నీళ్ళు ఒక పక్కకి ఉరికి ఓడ ఒరిగిపోయింది, ఇక లేవలేదు, వెనక భాగం ముందుగా మునిగింది. 1974 విచారణ చెప్పిన భారీ అలలు ఇందులోనూ ఉన్నాయి, కానీ అలలు మాత్రమే అనడానికి, అలలకు లోపలికి దారి దొరికింది అనడానికి చాలా తేడా ఉంది. మిగతా ఓడలు అదే గాలిలో ఎలా నిలబడ్డాయన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది.

కుటుంబాల్లో చాలామందికి ఈ తీర్పు రుచించలేదు, వాళ్ళ బాధలో న్యాయం ఉంది. మూత తెరిచి ఉంది అనగానే, మూయాల్సింది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది, వేలు నేరుగా చనిపోయిన మనుషుల వైపు తిరుగుతుంది. వాళ్ళు వచ్చి సమాధానం చెప్పుకోలేరు. కానీ ఆ తూముల అమరికను మళ్ళీ ఒకసారి చూడండి. నీటి మట్టానికి దగ్గర్లో గోడకు రంధ్రం పెట్టి, ఉప్పునీళ్ళలో, చేపల జిగురులో, గడ్డకట్టే చలిలో రోజూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఒక రెక్కను నమ్ముకున్నారు. అలాంటి చోట తుప్పు పట్టడం, బిగుసుకుపోవడం జరిగి తీరే విషయాలు. రెక్క బిగుసుకుపోయి తెరుచుకునే ఉన్నా లోపల పనిచేసేవాళ్ళకు ఆ సంగతి తెలిసే మార్గం ఏమిటి? ఇక మిగిలింది లోపలి మూత. రోజుకు పద్దెనిమిది గంటల దాకా పనిచేసే మనుషులు, పని మధ్యలో తుఫాను వచ్చి వేట ఆపినప్పుడు, ఆ మూతను గుర్తుపెట్టుకుని బిగించడం మీద 36 ప్రాణాలు ఆధారపడే ఓడను గీసినవాళ్ళు, దాన్ని సరేనని సంతకం పెట్టినవాళ్ళు బాధ్యతలో పెద్ద వాటా తీసుకోవాలి. మనిషి ఒక్కసారి మరిచిపోతే ఓడే పోయేలా ఉంటే, దాన్ని మనిషి తప్పు అని పిలవడం సరికాదు. హెరాల్డ్ ఫెర్రీ విషయంలో మొదట అందరూ ముందు తలుపు మూయని సిబ్బందిని తిట్టారు, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో పైన ఉన్న కెప్టెన్‌కు చూపించే చిన్న దీపం కూడా పెట్టలేదన్న సంగతి విచారణలో బయటికి వచ్చింది.

గాల్ కాలానికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇప్పటి పెద్ద చేపల ఓడల మీద ఈపర్బ్ అనే చిన్న పరికరం ఉంటుంది. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి దానంతట అదే విడిపోయి పైకి తేలి, ఉపగ్రహాలకు ఎక్కడుందో చెబుతుంది. 1982లో మొదలైన కాస్పాస్ సార్శాట్ ఉపగ్రహ వ్యవస్థ వల్ల ఇది సాధ్యమైంది. ఎవరూ మైకు అందుకోనక్కర్లేదు, మూడు రోజులు కబురు కోసం ఎదురుచూడనక్కర్లేదు. గాల్ మీద అది ఉండి ఉంటే ఆ మనుషులు బతికేవాళ్ళని చెప్పలేం, ఆ చలిలో అది అత్యాశ. కానీ ఎక్కడ మునిగిందో ఆ రోజే తెలిసేది, ఇరవై మూడేళ్ళ ఎదురుచూపు ఉండేది కాదు, సైబీరియా జైళ్ళ కథ పుట్టేదే కాదు.

ఆ కథ ఎంత లోతుగా పాతుకుందంటే, 2004 నివేదిక తర్వాత కూడా రష్యా ఉత్తర తీరంలోని రిబాచీ ద్వీపకల్పంలో ఎప్పుడో పూడ్చిన అవశేషాలు గాల్ మనుషులవే అయి ఉంటాయన్న మాట వచ్చింది. ఈసారి హంబర్‌సైడ్ పోలీసులు కొట్టిపారేయలేదు. రష్యా అధికారులతో మాట్లాడి, విషయాన్ని శాస్త్రీయంగా తేల్చి, 2013లో అవి గాల్ సిబ్బందివి కావని కుటుంబాలకు చెప్పారు. 1974లో హల్ అడిగింది సరిగ్గా ఇదే, వెళ్ళి చూసి రమ్మని.